మెట్ల గోడ మీద అవ్వ పిలుపు

ఆకుకూర కొందామని సంచీ పట్టుకుని బయలుదేరినదాన్ని, మా వీధి మలుపులో ఉన్న బడి ముందర ఆగిపోయాను. ప్రహరీ గోడ పొడుగునా పిల్లలు వరసగా గొంతుక్కూర్చుని రంగురంగుల పెంకు ముక్కలు అతికిస్తున్నారు. బొమ్మలు వేసేవాళ్ళు, ఒకామె, ఒకాయన, వాళ్ళ వెనకాల అటూ ఇటూ తిరుగుతూ "గట్టిగా నొక్కు, ఇంకా నొక్కు" అంటున్నారు. చేప తోకో, పడవ ముక్కో తెలియని ఆకారం ఒకటి అప్పుడప్పుడే గోడ మీద తేలుతోంది. నేను చెయ్యి చాపబోతే ఒక బుడత తమిళంలో, అవ్వా అని పిలుస్తూ కసిరింది.

"ముట్టుకోవద్దు పాట్టీ! ఇంకా ఆరలేదు!"

ఆ ఒక్క మాటతో కూర సంగతి మరిచిపోయాను. ఇంటికొచ్చి కూర్చున్నాను, లేచాను, వాకిట్లోకి పోయాను, మళ్ళీ లోపలికొచ్చాను. మా కోడలు చూసి చూసి, "ఏంది అత్తా, కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతా ఉండావు? ఒక తావున కూచోగూడదా?" అంది.

చిన్నప్పుడు నేను ఇంతకంటే అన్యాయం. రెడ్డియార్‌పాళయంలో మా నాయనకు పశువుల దాణా అంగడి ఉండేది. ముందర అంగడి, వెనక ఇల్లు. తవుడు, గానుగ చెక్క, పత్తిగింజలు. వర్షాకాలంలో ఆ బస్తాలన్నీ చెమ్మకు ఉబ్బి, తీపిగా, పులుపుగా, కొంచెం మత్తుగా ఒక వాసన వేసేవి. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల నా జడ వాసన చూసి "ఈరోజు మీ ఇంట్లో చెక్క దిగింది కదా" అని సరిగ్గా చెప్పేసేది. ఆ పిల్ల పిళ్ళైచావడి నుంచి వచ్చేది, వాళ్ళ నాయనకు చేపల పడవ. కాబట్టి వాసనల విషయంలో మేమిద్దరం ఒకర్నొకరం ఏమీ అనుకునేవాళ్ళం కాదు.

నేను ఇంట్లో ఉండేది తక్కువ. సంచీ గిరాటేసి, చేతికి దొరికింది నోట్లో వేసుకుని బయటపడేదాన్ని. సైకిలు రిపేరు అంగడి, రొట్టెలు కాల్చే బేకరీ వెనక గోడ, పక్క వీధిలో దూడ పుట్టిన ఇల్లు, ఎక్కడో ఒకచోట తేలేదాన్ని. అప్పుడు మా అవ్వ అంగడి అరుగు మీద గోనెసంచి మీద కూర్చున్న చోటునుంచి కదలకుండా పిలిచేది.

"యాడుండావే...!"

'వే' దగ్గర ఆమె గొంతు పైకి లేచి వీధి చివరి సోడా అంగడి దాటిపోయేది. వచ్చే పోయే టెంపోల వాళ్ళు నన్ను ఎక్కడ చూసినా "మీ అవ్వ పిలుస్తోంది, పో" అనేవాళ్ళు. వాళ్ళకి తెలుగు రాదు. ఆ మాట మాత్రం అందరికీ వచ్చు.

మా తాతల తాతలు ఎప్పుడో ఉత్తరాన్నుంచి వచ్చి ఇక్కడ కుదురుకున్నారట. ఏ ఊరి నుంచంటే ఎవరూ చెప్పలేరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగులోనూ సగం తమిళమే. నాయన అంగడి రాతకోతలు తమిళంలో, మా చదువు తమిళంలో, కొంచెం ఇంగ్లీషులో. తెలుగు అనేది మా ఇంట్లో మాట్లాడటానికి, తిట్టటానికి, దేవుడికి మొక్కటానికి ఉండేది. దాన్ని రాయవచ్చునన్న ఆలోచనే మాకు లేదు.

ఆ ఏడాది వానలు ముందుగానే పట్టుకున్నాయి. మా బడి టౌనులో, సముద్రానికి దగ్గర. పాత తరగతులు కురుస్తున్నాయని కొత్త మేడ కట్టారు. సున్నం వాసన ఇంకా పోలేదు. మేడ మెట్ల పక్కన, కిందినుంచి పైదాకా, బోసి గోడ ఒకటి మిగిలిపోయింది. దాన్ని చూస్తే ఏదో ఒకటి గీకాలనిపించేది. గీకినవాళ్ళకి మా పెద్ద మిస్ చేతిలో దెబ్బలు కూడా పడ్డాయి.

అప్పుడు వచ్చింది ఆమె. మగవాళ్ళ చొక్కా, కత్తిరించిన జుట్టు, మోపెడ్ వెనక తడిగోనె చుట్టిన మట్టి ముద్దలు. తోడుగా లావుపాటి మీసాలాయన. ఇద్దరూ బొమ్మలు చేసేవాళ్ళే. ఆమె తయారుచేయిస్తుంది, విల్లియనూరు వైపు బట్టీలో ఆయన కాలుస్తాడు. ఆమె పేరు మా నోటికి తిరగలేదు. మొదటిరోజే మన్నక్క అని పెట్టేశాం.

ఆ బోసి గోడ నిండా మీరు చేసిన మట్టి పలకలు పెడతాం అని చెప్పి, మన్నక్క మాకు తలా ఒక ముద్ద ఇచ్చింది. ఆ వారమంతా మా తరగతి తరగతిలా లేదు. గోళ్ళ కింద మట్టి, పావడాల మీద మట్టి, అన్నం డబ్బాల్లో మట్టి. నేనూ పిళ్ళైచావడి పిల్లా మట్టితో బల్లి చేసి లెక్కల మిస్ కుర్చీ వీపుకి అతికించాం. ఆమె కేక వేసి కుర్చీతో సహా పడబోయింది. మన్నక్క ఆ బల్లిని జాగ్రత్తగా ఒలిచి, తిప్పి చూసి, "తోక బాగా కుదిరింది" అంది. లెక్కల మిస్ ఆమెతో ఆ తర్వాత మాట్లాడలేదు.

పలకలు చదును చేయడం అయ్యాక మన్నక్క మమ్మల్నందరినీ మెట్ల మీద కూర్చోబెట్టింది.

"బయట తిరిగి తిరిగి ఇంటికి పోతారు గదా. లోపల్నుంచి మీకు వినబడే మొదటి మాట ఏది? అది రాయండి. మీ ఇంట్లో ఏ భాషైతే ఆ భాషలో, ఆ అక్షరాల్లోనే. ఈ మెట్లెక్కే పిల్ల ఎవరైనా సరే, ఏదో ఒక ఇంటి పిలుపు వింటూ పైకి పోవాలి. బాగా ఆలోచించుకోండి. ఒకసారి కాలిందంటే ఇంక దిద్దలేం. మీ మనవరాళ్ళు వచ్చేదాకా అట్లానే ఉంటుంది."

అందరూ గోలగోలగా మొదలుపెట్టారు. చాలామందిది "అన్నానికి రా" అనే. మాహే నుంచి వచ్చిన పిల్ల మలయాళంలో గుండ్రంగా రాసుకుంది. తాత ఫ్రెంచి పట్టాళంలో పనిచేసిన పిల్ల ఫ్రెంచిలో రాసింది. ఇంకో పిల్ల కుడినుంచి ఎడమకు ఉర్దూలో రాస్తుంటే మేం మూగి చూశాం. పిళ్ళైచావడి పిల్ల "వల వచ్చింది, పరుగెత్తు" అని తమిళంలో రాసి, కింద చేప గీసింది. నేను పుల్ల పట్టుకుని కూర్చున్నాను.

"నువ్వూ రాయి," అంది ఆ పిల్ల.

"మా ఇంట్లో తెలుగు."

"అయితే తెలుగులో రాయి." కాసేపు ఆలోచించి, మామూలుగానే అడిగింది, "మీ భాషకి అక్షరాలు ఉన్నాయా? నేను ఎప్పుడూ చూళ్ళేదే."

నాకు చురుక్కుమంది. ఉన్నాయో లేదో నాకే తెలియదు. తెలియదని చెప్పలేక, "ఎందుకు లేవు? బోలెడు ఉన్నాయి" అన్నాను. మన్నక్క నా పలక చుట్టూ తడి గోనె చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి పక్కన పెట్టింది. "సోమవారం దాకా మెత్తగానే ఉంటుంది. ఆ తర్వాత నా చేతిలో లేదు" అంది.

ఆ సాయంత్రం ఇంటికి పోతూనే అవ్వనడిగాను.

"అవ్వా, మన మాటకి అక్షరాలు ఉండాయా?"

అవ్వ పొడుగాటి గట్టి రొట్టె విరిచి కాఫీలో ముంచుకుంటోంది. ఆ రొట్టె బేకరీలో పొద్దునా సాయంత్రం వేడిగా దిగేది. పళ్ళు లేని అవ్వకి నానబెడితేనే గాని దిగదు.

"ఉండక యాడికి పోతాయి? మా నాయనకి తెలుసునంట."

"నీకు?"

"నాకెందుకే? నేను నోటితోనే చెప్పేస్తానే!"

నాయన గల్లాపెట్టె లోంచి ఒక నోటు తీసి నా ముందు పరిచాడు. దాని అంచున అన్ని భాషల్లోనూ సన్నగా రాసి ఉంటుంది కదా. "ఇందులో ఒకటి మనది" అన్నాడు గర్వంగా. ఏదీ అంటే మాత్రం తడబడ్డాడు. తమిళం తీసేశాం. మిగిలినవాటిలో రెండు వరసలు ఒకదానికొకటి అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. అమ్మ ఒకటి చూపించింది, నాయన ఇంకొకటి చూపించాడు. చెక్క కొనడానికి వచ్చిన పాలాయన మూడోది చూపించాడు. అన్నం చల్లారిపోయేదాకా ఆ వాదన నడిచింది. నాకు ఏడుపొచ్చింది. మా భాషకి అక్షరాలైతే ఉన్నాయి, అవేవో మాలో ఎవరికీ తెలియదు.

అమ్మకే గుర్తొచ్చింది. "చివరి ఇంటికి యానాం నించి ఎవురో ఆఫీసరు వచ్చినారు గదా. ఆయన పెండ్లాం ఎప్పుడు చూసినా కిటికీ కాడనే ఉంటాది. వాళ్ళు తెలుగోళ్ళే. పొయ్యి అడుగు."

మర్నాడు శనివారం. వాన. నెత్తిన గోనెసంచి కొంగులా వేసుకుని పరుగెత్తాను. తలుపు తీసినామె మా అమ్మకంటే చిన్నది. నేను తెలుగులో "అత్తా" అనగానే ఆమె ముఖం మారిపోయింది.

"ఏవిటీ? మళ్ళీ అను! తెలుగమ్మాయివా నువ్వు? రా, రా లోపలికి, తడిసిపోతన్నావు!"

ఇక ఆమె ఆగలేదు. వచ్చి నెలలయిందట, నోరు విప్పి మాట్లాడే మనిషి లేదట. కూరలమ్మి ఏమంటోందో తెలియదట. ఒకసారి ఒంటరిగా బజారుకు పోయి దారి తప్పి ఏడ్చిందట. అప్పటినుంచి గడప దాటలేదట. మాట్లాడుతూనే నా చేతిలో కొబ్బరి లౌజు పెట్టింది. యాలకుల వాసన, కొబ్బరి పళ్ళకింద కరకరమంటోంది. ఆమె తెలుగు ఎంత వేగంగా, సాగుతూ, ఊగుతూ పోయిందంటే నాకు సగమే అందింది. అది నా భాషేనా అని అనుమానం కూడా వచ్చింది.

వచ్చిన పని చెప్పాను. ఆమెకి సంబరమైంది. కాగితం తీసుకుంది.

"చెప్పు, ఏం రాయాలి?"

"యాడుండావే."

ఆమె కలం ఆగింది. నవ్వు ఆపుకుంటూ, "అలా రాయకూడదమ్మా. ఎక్కడున్నావే అనాలి. రాసేటప్పుడు సరిగ్గా రాయాలి కదా, గోడమీద ఉండిపోయేదాయె" అంటూ ముచ్చటైన దస్తూరీతో రాసిచ్చింది. నేను మొదటిసారి తెలుగు అక్షరాల్ని దగ్గరగా చూశాను. అన్నిటికీ తలమీద చిన్న చిన్న పిలకలు.

కాగితం తడవకుండా లంగా మడతలో దాచుకుని ఇల్లు చేరాను. అవ్వ అందుకుని, తలకిందులుగా పట్టుకుని, చాలాసేపు చూసింది.

"ఏమని రాసింది?"

"ఎక్కడున్నావే అని."

అవ్వ కాగితం దించింది. "అది ఎవుర్ని పిలిచేది?"

"నన్నే."

"నేను ఎప్పుడన్నా నిన్ను అట్ల పిలిచినానా?"

"అట్లనే రాయాలంట అవ్వా. మనది తప్పంట."

అవ్వ కాఫీ గ్లాసు కింద పెట్టి, అరుగు పట్టుకుని లేచింది. అంగడి వదిలి ఆమె వీధిలోకి నడవడం నేను ఎప్పుడో గానీ చూడలేదు. నాయన "యాడికిమా ఈ వానలో?" అని అరుస్తూనే ఉన్నాడు. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో నా జబ్బ పట్టుకుని అవ్వ గబగబా నడిచింది. పాపం ఆ అత్తను ఏం తిడుతుందో అని నేను వెనక్కి గుంజుతూనే ఉన్నాను.

యానాం అత్త మామ్మగారూ అంటూ పీట వేసింది. అవ్వ కూర్చోలేదు.

"పాపా, నువ్వు చదువుకున్నదానివి. నేను చెప్పింది చెప్పినట్ల రాయను అయితాదా, కాదా?"

"రాయొచ్చండి, ఎందుకు రాయకూడదూ. కానీ తప్పంటారండి."

"ఎవురంటారు?"

"చదివినవాళ్ళండి."

"ఈ ఊర్లో అది చదివేదానికి నువ్వు దప్ప ఎవురుండారు?"

అత్త నవ్వడం మొదలుపెట్టింది. కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అవ్వకి మొదట అర్థం కాలేదు, తర్వాత ఆమె కూడా బోసినోటితో నవ్వింది.

"సరే మామ్మగారూ, ఒకసారి పిలవండి. ఎలా పిలుస్తారో వింటే గానీ రాయలేను."

అవ్వ కిటికీ వైపు తిరిగి, గాలి పీల్చుకుని, పిలిచింది. ఆ చిన్న గదిలో గిన్నెలు మోగినట్టయింది. వీధిలో పోయే టెంపో ఒకటి ఆగింది కూడా. అత్త ఒక్కో అక్షరం పలుకుతూ రాసింది: యా, డుం, డా, వే.

ఆదివారమంతా నాకు అదే పని. అవ్వ చేటలో తవుడు పరిచి చదును చేసి ఇచ్చింది. నేను వేలితో రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం. 'యా' నన్ను చాలా ఏడిపించింది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు తిరగాలో తెలియదు. అమ్మ ఊరుబిండి పచ్చడి నూరుతూ మధ్యమధ్యలో వచ్చి చూసేది. వేయించిన వేరుశనక్కాయల వాసన, తవుడు వాసన కలిసిపోయి, ఇప్పటికీ 'య' అక్షరం రాస్తే నాకు ఆకలేస్తుంది. నాయన ఆ నోటు మళ్ళీ తీసి, అత్త రాసిన కాగితం పక్కన పెట్టుకుని పోల్చి చూశాడు. అమ్మ చూపించిందే తెలుగు. ఆ తర్వాత చాలారోజులు అమ్మ ఆ సంగతి ఎత్తుతూనే ఉంది.

సోమవారం వాన కాస్త తెరిపిచ్చింది. మెట్ల కింద కూర్చుని ఊపిరి బిగబట్టి రాశాను. మన్నక్క పుల్ల నా చేతిలోంచి తీసుకోలేదు, సాయం పట్టలేదు, పక్కన చతికిలబడి చూసింది. పలక మీద అవ్వ పిలుపు లోతుగా, కొంచెం వంకరగా నిలిచింది. పిళ్ళైచావడి పిల్ల దాని చుట్టూ తిరిగి, "మీ అక్షరాలు జిలేబీల్లా ఉన్నాయి" అంది. నాకు తిన్నంత సంతోషమైంది.

ఆ సంతోషం ఎక్కువసేపు లేదు. పెద్ద మిస్ పలకలన్నీ చూడటానికి దిగి వచ్చింది. తెల్ల కాటన్ చీర, చేతిలో బెత్తం. ఒక్కో పలకా చదువుతూ, అర్థం కానిది అడుగుతూ వచ్చింది. మలయాళం పిల్ల అర్థం చెప్పింది, టీచర్లలో ఒకామె అవునంది. ఉర్దూకీ, ఫ్రెంచికీ అవుననేవాళ్ళు ఉన్నారు. నా దగ్గర ఆగింది.

"ఇదేంటి?"

"తెలుగు మిస్. ఎక్కడున్నావు అని. మా అవ్వ పిలుస్తుంది."

"ఇక్కడ ఎవరైనా చదవగలరా?"

టీచర్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నేను బల్లి చేసినదాన్నని లెక్కల మిస్ పెద్ద మిస్ చెవిలో వేసింది.

పెద్ద మిస్ మన్నక్క వైపు తిరిగింది. "ఎవరికీ చదవడం రాని మాట గోడ మీద ఎట్లా పెడతాం? ఈ పిల్ల చేసే పనులు మీకు తెలియవు. రేపు ఎవరో వచ్చి, అది బూతుమాట అంటే? కాలాక చెరిపేది కాదని మీరే చెప్పారు. దీన్ని తీసేయండి."

"వాన ఆగిందని వ్యాను రమ్మన్నాం. రెండు పీరియడ్లలో వచ్చేస్తుంది" అన్నాడు మీసాల మామ మెల్లిగా.

"అయితే ఇది లేకుండా పోనివ్వండి."

"చదివేవాళ్ళు ఉన్నారు మిస్! మా వీధిలో ఉన్నారు! నేను పిలుచుకొస్తా!" అన్నాను. పెద్ద మిస్ గోడ గడియారం చూసింది. "వ్యాను వచ్చేలోపల వస్తే చూద్దాం" అంది. ఆమె మాట పూర్తికాకముందే మన్నక్క మోపెడ్ తీసింది. నేను వెనక కూర్చున్నాను. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద ఆ బండి ఎంత నిదానంగా పోయిందో, దిగి పరుగెత్తాలనిపించింది.

యానాం అత్త గుమ్మంలోనే వెనక్కి తగ్గింది.

"నేనా? టౌనుకా? వద్దమ్మా, ఆయన ఆఫీసునుంచి వచ్చాక..."

"వ్యాను వచ్చేస్తాది అత్తా!"

"వాళ్ళు ఏదో అడుగుతారు, నాకు ఒక్క ముక్క రాదు. నేను రాలేనమ్మా. నన్ను బలవంతం చేయకు."

ఆమె తలుపు రెక్క వదల్లేదు. నేను మా అంగడికి పరుగెత్తాను. సంగతి విని అవ్వ లేచింది. వచ్చి, అత్త గుమ్మం ముందర నిలబడి, గట్టిగా ఏమీ అనకుండా చెయ్యి చాపింది.

"దా పాపా. నాకు టౌను తెలుసు, నీకు అక్షరం తెలుసు. ఇద్దరం పొయ్యొస్తాం."

అత్త ఆ చేతిని చాలాసేపు చూసింది. తర్వాత చెప్పులు వేసుకుంది.

వాళ్ళిద్దరినీ టెంపో ఎక్కించి మేం ముందు పోయాం. బడి గేటు దగ్గర వ్యాను అప్పటికే నిలబడి ఉంది. మీసాల మామ పలకల్ని ఒకటొకటిగా, ఎప్పుడూ లేనంత మెల్లగా గడ్డిలో చుడుతున్నాడు. మమ్మల్ని చూసి కన్ను కొట్టాడు. నేను గేటు పట్టుకుని ఊగుతూ రోడ్డు వైపే చూశాను. టెంపో ఒకటి వచ్చింది, వాళ్ళు లేరు. ఇంకొకటి వచ్చింది, లేరు. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. వ్యాను డ్రైవరు గొణగడం మొదలుపెట్టాడు. అప్పుడు దిగారు ఇద్దరూ, ఒకే గొడుగు కింద, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని.

మెట్ల దగ్గర అంతా మూగారు. యానాం అత్త పలక ముందు వంగి చదివింది, తడబడకుండా, నేను రాసింది రాసినట్టు.

"సరిగ్గానే ఉందా? తప్పులేమీ లేవు కదా?" అడిగింది పెద్ద మిస్. మన్నక్క ఆ ప్రశ్నని సైగలతో, ఇంగ్లీషు ముక్కలతో అత్తకి అందించింది.

నా ప్రాణం పోయింది. తప్పని మొదట చెప్పింది ఆమే కదా.

అత్త ఒకసారి అవ్వ వైపు చూసింది. "కరెక్టు మేడం. ఫుల్లు కరెక్టు" అంది.

"అర్థం?"

అత్త ఇంగ్లీషు మాటల కోసం వెతుక్కుంటూ ఉంది. అవ్వకి అంత ఓపిక లేదు. మెట్ల కిందినుంచి తల పైకెత్తి పిలిచేసింది.

"యాడుండావే...!"

ఆ పిలుపు కొత్త గోడలకి తగిలి, మెట్లెక్కి, పై తరగతుల్లోకి పోయింది. పైనుంచి పిల్లల తలలు వరసగా బయటికొచ్చాయి. ఒక టీచరు కంగారుగా కిందికి దిగి వచ్చింది. పెద్ద మిస్ ముఖంలో మేము ఎన్నడూ చూడనిది, నవ్వులాంటిది, కదిలింది.

"రేపట్నుంచి మనకి గంట కొట్టే మనిషి అక్కర్లేదు" అంది. మీసాల మామతో, "దాన్నీ చుట్టండి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఎదురుచూపు. వాన మళ్ళీ పట్టుకుంది. బట్టీ తడిసింది, కట్టెలు తడిశాయి, రేపు ముట్టిస్తాం, మాపు ముట్టిస్తాం అంటూ రోజులు పోయాయి. నాకు బళ్ళో మనసు నిలవలేదు, ఇంట్లో నిలవలేదు. విచిత్రమేమంటే అవ్వకీ నిలవలేదు. నేను ఇంటికి రాగానే కాఫీ పక్కన పెట్టి "కాలిందా?" అని అడిగేది. లేదంటే విసుక్కునేది. "ఏం కాలస్తారో ఏమో. మేం ఈలోగా బండెడు దోసెలు కాల్చి ఉందుము."

కాలాక పలకలు చాలా పగిలాయి. పలకలు పగిలిన పిల్లలు ఏడ్చారు, మన్నక్క వాళ్ళ చేత మళ్ళీ చేయించింది. నాది పగల్లేదు. ఒక మూల పొగపట్టి నల్లబడింది, అంతే. దాన్ని గోడకి పెట్టింది నేనే. మెట్లు మలుపు తిరిగే చోట, పిల్లల చెయ్యి అందే ఎత్తులో. సిమెంటు వేళ్ళని మండించింది, నేను మాత్రం చెయ్యి తీయలేదు.

గోడ పూర్తయిందని బళ్ళో చేసిన పండుగకి అవ్వ రాలేదు. చెక్క దిగే రోజు, అంగడి ఎవరు చూస్తారు అంది. వేరుశనక్కాయలు ఒలుస్తూ ఒకే మాట అడిగింది.

"గట్టిగా పట్టుకున్నాదా? ఊడిపోదు గదా?"

"ఊడదు అవ్వా."

"సెరి. నేను పొయినాంక గూడా అరస్తా ఉండాల గదా."

యానాం అత్త ఆ తర్వాత ఒంటరిగా బజారుకు పోవడం మొదలుపెట్టింది. కూరలమ్మితో బేరాలు కూడా ఆడేది, తమిళం తెలుగు కలిపేసి. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని చేటలో తవుడు పరిచి నాకు మిగిలిన అక్షరాలన్నీ నేర్పింది. ఇప్పుడు ఇది ఇలా రాస్తున్నానంటే ఆ తవుడు పుణ్యమే. ఒకరోజు అవ్వ తన పేరు రాసి చూపించమంది. రాశాను. తెల్లారి చూస్తే ఆ చేట తవుడు తొట్టిలో పోసి ఉంది. "నా పేరు ఆవు తినేసింది" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పి నవ్వింది. ఎండాకాలంలో ఆ ఆఫీసరుకి బదిలీ అయింది. అత్త పోతూ అవ్వని కావలించుకుని వదల్లేదు. తర్వాత మరి కొన్నేళ్ళకి అవ్వ పోయింది. అంగడి పోయింది. ఆ స్థలంలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. వీధిలో ఎవరూ ఎవర్నీ అరిచి పిలవరు.

మొన్న ఆ పెంకుల గోడ చూశాక ఇంట్లో ఉండలేక, మర్నాడే బస్సెక్కి మా పాత బడికి పోయాను. వాచ్‌మన్‌కి ఏదో చెప్పి లోపలికి నడిచాను. ఇంటర్వెల్ అప్పుడే అయిపోవస్తోంది. మెట్ల మలుపులో ఒక చిన్నపిల్ల ఒంటరిగా నిలబడి, పలక మీద వేలు పెట్టి అక్షరాల గాట్లలో తిప్పుతోంది. మిగతా పిల్లలు ఆమెని తోసుకుంటూ తమిళంలో అరుస్తూ పోతున్నారు. ఆ పిల్ల వాళ్ళతో కలవడం లేదు.

నేను తెలుగులో పలకరించాను. ఉలిక్కిపడింది.

"మాది యానామండి. కొత్తగా వచ్చామండి."

"ఇక్కడ నిలబడ్డావేం?"

"ఈ గోడంతటికీ నేను చదవగలిగింది ఇదొక్కటేనండి." కొంచెం ఆగి, నన్ను ఎగాదిగా చూసి, "ఇది ఎవర్ని పిలుస్తున్నారండి?" అంది.

"నన్నే."

ఆ పిల్ల నమ్మలేదు. నా నెరిసిన జుట్టు చూసింది, పలక చూసింది.

"మరి పలకరేంటండి?"

గంట మోగింది. జవాబు కోసం ఆగకుండా ఆ పిల్ల మెట్లెక్కి పోయింది. కాసేపటికి అడుగుల చప్పుడంతా సద్దుమణిగింది. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, గోడ దగ్గరికి వంగాను.

"ఈడనే ఉండానవ్వా" అన్నాను.